లాగౌట్ లేని యాస: సిలిబిల్ ఎన్ బ్రెయిన్స్ కేస్ స్టడీ

నేను హైదరాబాద్‌లో కాల్ సెంటర్ ఉద్యోగులకి వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనర్‌ని. 2003లో ఈ పనిలో చేరాను. ఏం చేస్తావని ఊళ్ళో అడిగితే "అమెరికా వాళ్ళకు అర్థమయ్యేలా ఇంగ్లీషు పలకడం నేర్పిస్తా" అనేవాణ్ణి. "గంత కష్టమెందుకు, వాళ్ళనే మన ఇంగ్లీషు నేర్చుకొమ్మనరాదు?" అంది ఒకసారి మా నాయనమ్మ. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ప్రతి బ్యాచ్‌కీ ట్రైనింగ్ ఆఖరి వారంలో ఒక కేసు చెప్తుంటాను. అందులో కాల్ సెంటర్ ఉండదు, హెడ్‌సెట్ ఉండదు. ఇద్దరు స్కాట్లాండ్ కుర్రాళ్ళు మాది కాలిఫోర్నియా అని చెప్పుకున్నారు. ఆ యాసలోనే రాప్ పాడి లండన్‌లో సోనీ మ్యూజిక్‌తో కాంట్రాక్టు సంపాదించారు. కొన్నేళ్ళ పాటు ఎవరికీ దొరక్కుండా బతికారు. ఆ జంట పేరు సిలిబిల్ ఎన్ బ్రెయిన్స్. సంగీతం గురించి రాసేవాళ్ళు దీన్ని మోసం కథగా చెప్తారు. నాకు మాత్రం ఇది మా వృత్తికి సంబంధించిన కేసు. యాస మార్చుకుని మనిషి ఎంత దూరం వెళ్ళగలడో, ఎక్కడ కూలబడతాడో రెండూ ఇందులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ బోర్డు ముందు నోటితో చెప్పింది ఈసారి పూర్తిగా రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. ఈ కథలో చాలా భాగం వాళ్ళిద్దరూ తర్వాత చెప్పుకున్నదే. ఏళ్ళ తరబడి అబద్ధం ఆడినవాళ్ళ సాక్ష్యం కాబట్టి పార్టీల కబుర్లు, ఎవరితో కలిసి తాగారు, అడ్వాన్స్ ఎంత తీసుకున్నారు లాంటివి పక్కన పెట్టాను. మిగిలిన ఎముకల గూడు చాలు మనకి.

మనుషులు, ఊరు

ఒకడు గావిన్ బెయిన్, రంగస్థలం మీద బ్రెయిన్స్ మెక్‌లౌడ్. ఇంకొకడు బిల్లీ బాయ్డ్, సిలిబిల్. (లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో పిప్పిన్‌గా వేసిన నటుడి పేరు కూడా బిల్లీ బాయ్డే, ఆయనా స్కాట్లాండ్ మనిషే. ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా గూగుల్ చేసి ఆయన ఫొటో చూపిస్తారు. ఆయన వేరు.) ఇద్దరూ డండీలో చదువుకునే రోజుల్లో స్నేహితులయ్యారు. టే నది ఒడ్డున ఉండే ఆ ఊరు ఒకప్పుడు గోనెసంచులకి ప్రసిద్ధి. బెంగాల్ జనపనార ఓడలెక్కి అక్కడికి వెళ్ళేది. ఏలూరు, నెల్లిమర్ల మిల్లుల్లో పనిచేసిన పాతతరం వాళ్ళు డండీ పేరు వినే ఉండవచ్చు.

బెయిన్ గురించి ఒక వివరం నా దృష్టిలో చాలా ముఖ్యం. అతను పుట్టింది దక్షిణాఫ్రికాలో, కుర్రతనంలో స్కాట్లాండ్ వచ్చాడు. అంటే కాలిఫోర్నియా అతని మొదటి యాస మార్పు కాదు. కొత్త బడిలో నవ్వులపాలు కాకుండా ఉండాలంటే నాలుక ఎలా తిప్పుకోవాలో ఈడొచ్చే వయసులో ఒకసారి నేర్చుకున్నవాడికి రెండోసారి అంత కష్టం కాదు. మా బ్యాచ్‌ల్లోనూ ఇదే చూస్తాను. నాన్న బ్యాంకు ఉద్యోగం వల్ల నాలుగు ఊళ్ళు తిరిగిన పిల్లలకి అమెరికన్ ఆర్ (R) శబ్దం వారంలో పట్టుబడుతుంది. పుట్టిన ఊళ్ళోనే డిగ్రీ దాకా చదివిన పిల్లలకి నెల పడుతుంది.

లండన్ ఆడిషన్

2000ల మొదట్లో వీళ్ళు తమ మాటలోనే, తమ యాసలోనే రాప్ రాసుకుని దాదాపు 700 కిలోమీటర్లు ప్రయాణం చేసి లండన్‌లో ఆడిషన్‌కి వెళ్ళారు. విన్నవాళ్ళు నవ్వారు. 'రాప్ పాడే ప్రొక్లెయిమర్స్' అన్నారు.

ప్రొక్లెయిమర్స్ ఎవరో తెలిస్తే గానీ ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో అర్థం కాదు. క్రెగ్ రీడ్, చార్లీ రీడ్ అని స్కాట్లాండ్ కవల సోదరులు, కళ్ళజోళ్ళు, గిటారు, దాపరికం లేని స్కాటిష్ ఉచ్చారణ. 500 మైళ్ళు నడుస్తానని పాడే ఆ పాట పెళ్ళి విందుల్లో, ఫుట్‌బాల్ మైదానాల్లో అందరూ గొంతు కలిపే పాట. అలాంటి వాళ్ళతో పోలిస్తే రాపర్‌కి 'నువ్వు కామెడీ ఐటమ్' అని చెప్పినట్టే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ కవలల 1987 మొదటి ఆల్బమ్‌లో మొదటి పాటే ఆర్ శబ్దాన్ని పారేయమంటారేంటి అని యాసని వెక్కిరించే వాళ్ళ మీద రాసింది. పైగా 500 మైళ్ళ పాట 1993లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 3వ స్థానం దాకా వెళ్ళింది. అమెరికన్లు కొనుక్కున్న యాసని లండన్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళు అమ్ముడుపోదని తేల్చేశారు.

నాకు ఈ ఘట్టం చెప్పేటప్పుడు గొంతు కొంచెం మారుతుందని పిల్లలు అంటారు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇంటర్‌కి కృష్ణా జిల్లాలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. మొదటి రోజు మెస్‌లో "కూర జర ఎయ్యన్నా" అన్నాను. మూడు బల్లలు నవ్వాయి. అప్పటి సినిమాల్లో మా యాస రౌడీకో, కమెడియన్‌కో తప్ప హీరోకి ఉండేది కాదు. దసరా సెలవులకి ఇంటికెళ్ళేసరికి నేను "కొంచెం వేయండి" అంటున్నాను. ఎవరూ నేర్పలేదు. నవ్వే నేర్పింది.

బెయిన్, బాయ్డ్ కూడా ఇంటికెళ్ళి అదే చేశారు, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. అదే రాప్, అవే జోకులు, యాస ఒక్కటీ మార్చి మళ్ళీ లండన్ తలుపు తట్టాలని. అప్పటికి ఇద్దరిలో ఎవరూ కాలిఫోర్నియా చూసినవాళ్ళు కాదు.

నోటి లోపల జరిగిన పని

ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే నా కూడు ఇదే.

లండన్ వాడు అమెరికన్‌లా మాట్లాడటం కన్నా స్కాట్లాండ్ వాడు మాట్లాడటం తేలిక. వినడానికి వింతగా ఉంటుంది గానీ కారణం ఉంది. లండన్ ఇంగ్లీషులో మాట చివరి ఆర్ మింగేస్తారు; 'కార్' అంటే 'కా' అని వినిపిస్తుంది. స్కాట్లాండ్‌లో ఆర్ పలుకుతారు, అమెరికాలోనూ పలుకుతారు. కాబట్టి ఎక్కడ ఆర్ ఉండాలో స్కాట్ మనిషికి కొత్తగా గుర్తుపెట్టుకునే పని లేదు. ఎలా పలకాలో మార్చుకుంటే చాలు. స్కాటిష్ ఆర్ చాలాసార్లు మన 'ర' లాంటిదే, నాలుక కొస పైన టక్కున తగిలి వస్తుంది. అమెరికన్ ఆర్‌కి నాలుక వెనక్కి ముడుచుకుంటుంది గానీ దేన్నీ తాకదు.

మా క్లాసులో ఇదే ఇంకో వైపు నుంచి చెప్తాను. అమెరికన్ల 'వాటర్' అనే మాట తీసుకోండి. అందులో మధ్య ఉన్న టీ శబ్దం అచ్చంగా మన తెలుగు 'ర'. చివర ఉన్న ఆర్ మాత్రం మన 'ర' కాదు. "టీ ఉన్నచోట ర అను, ఆర్ ఉన్నచోట ర అనకు" అంటే బ్యాచంతా ఒకసారి బుర్ర గోక్కుని, తర్వాత ఒకేసారి అందుకుంటుంది. డండీ వాడికీ అదే సూత్రం. అతని నాలుకకి ఆ టక్కు తెలుసు, దాన్ని ఆర్ నుంచి తీసి టీ మీద పెట్టాలి. ఎందుకంటే స్కాట్లాండ్ వీధి భాషలో 'వాటర్' మధ్య టీ చాలాసార్లు గొంతులోనే ఆగిపోతుంది, నోటిదాకా రాదు.

అచ్చులలోనూ వాళ్ళకి ఒక కానుక దొరికింది, ఒక గొయ్యి ఎదురైంది. కానుక ఏమిటంటే, 'కాట్' అనే మంచం, పట్టుకున్న అనే అర్థంలో 'కాట్' రెండూ స్కాట్లాండ్‌లో ఒకటే అచ్చు, కాలిఫోర్నియాలోనూ ఒకటే. లండన్‌లో వేరువేరు. గొయ్యి ఏమిటంటే, స్కాట్లాండ్‌లో 'గుడ్', 'ఫుడ్' ఒకే అచ్చు. కాలిఫోర్నియాలో ఒకటి కురుచ, ఇంకొకటి సాగుతుంది. మామూలు మాటల్లో అయితే ఇది చిన్న పొరపాటు. రాప్‌లో అలా కాదు. రాప్ నడిచేదే ప్రాస మీద. డండీలో 'గుడ్'కి 'ఫుడ్' చక్కగా కుదిరే ప్రాస. అదే చరణాన్ని కాలిఫోర్నియా నోటితో పాడితే ప్రాస విరిగిపోతుంది. కాబట్టి పాత పాటలకి కొత్త యాస పూసి ఊరుకుంటే సరిపోదు, పాట రాసే చెవే మారాలి. ఈ ఒక్క కారణానికే వీళ్ళ పనిని నేను గౌరవిస్తాను. కాల్ సెంటర్‌లో స్క్రిప్టు ఎవరో రాసి ఇస్తారు. వీళ్ళు అప్పటికప్పుడు ఫ్రీస్టైల్ అల్లేవాళ్ళు, అదీ అరువు తెచ్చుకున్న అచ్చులతో.

డండీకే ప్రత్యేకమైన గండం ఇంకొకటి. ఆ ఊరి పాత వీధి మాటలో 'నేను' అనే అర్థం వచ్చే 'ఐ' కాస్తా 'ఎ' అయిపోతుంది. 'పై' అనే తినుబండారం 'పె' అవుతుంది. బేకరీలో ఉల్లిపాయ బ్రైడీ అడిగే తీరు మీద అక్కడ ఒక జోకే ఉంది. బ్రైడీ అంటే మన కర్రీపఫ్‌కి పెద్దన్న లాంటిది, లోపల మాంసం. 'ఆనియన్ వన్' అనే రెండు మాటలు డండీ నోట్లో పడి బయటికొచ్చేసరికి 'ఇంగిన్ ఎన్' అవుతాయి. రాపర్ అన్నవాడు గుక్క తిప్పుకోకుండా అనే మాటే 'నేను'. నిమిషానికి ఎన్నిసార్లు ఆ మాట వస్తుందో లెక్కపెట్టండి. అన్నిసార్లూ నోరు తెరిచి 'ఆయ్' అనాలి.

ఇక 'గర్ల్', 'వరల్డ్'. ఆర్, ఎల్ పక్కపక్కన వస్తే స్కాట్లాండ్ వాళ్ళు మధ్యలో చిన్న అచ్చు ఒకటి దూరుస్తారు. 'ఫిల్మ్'ని వాళ్ళూ మనలాగే 'ఫిలుమ్' అంటారు. మా బ్యాచ్‌లో ఈ మాట చెప్పగానే నవ్వులు. మనం ఒక్కళ్ళమే కాదన్న ధైర్యం అది.

బ్రిటిష్ గాయకులు అమెరికన్ ఉచ్చారణ అరువు తెచ్చుకోవడం కొత్త కాదు. పీటర్ ట్రడ్‌గిల్ అనే భాషాశాస్త్రవేత్త 1983లో దీని మీదే రాశారు. బీటిల్స్ తొలి ఆల్బమ్‌లలో అమెరికన్ ఆర్ ఎక్కువగా వినిపిస్తుందని, పేరు పెరిగేకొద్దీ అది తగ్గుతూ వచ్చిందని లెక్కతీసి చూపించారు. కాకపోతే బీటిల్స్ మైకు ముందు ఎలా పాడినా ఇంటర్వ్యూలో లివర్‌పూల్ కుర్రాళ్ళలాగే మాట్లాడేవాళ్ళు. పాట అయిపోగానే యాస దిగిపోయేది. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

హెమెట్ అనే ఎంపిక

యాస తర్వాత కావలసింది ఊరు. "ఎక్కడి నుంచి?" అనే ప్రశ్న మా ఏజెంట్ల ప్రాణం తీసేది. 2003, 2004 ప్రాంతాల్లో కంపెనీలు పేర్లు మార్చేవి. రమణ 'రే' అయ్యేవాడు, సుజాత 'సూజన్' అయ్యేది. ఊరు అడిగితే 'ఒహాయో' అనమనేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దాయన "ఒహాయోలో ఎక్కడమ్మా, మా చెల్లెలు అక్కడే" అన్నాడు. ఆ అమ్మాయి కాల్ కట్ చేసి బాత్‌రూమ్‌కి పరిగెత్తింది. మర్నాడు ఆమెకి వార్నింగ్ మెమో ఇచ్చారు, అబద్ధం నేర్పిన మాకు మాత్రం ఇవ్వలేదు.

బెయిన్, బాయ్డ్ లాస్ ఏంజెలస్ అనలేదు, శాన్ ఫ్రాన్సిస్కో అనలేదు. హెమెట్ అన్నారు. లాస్ ఏంజెలస్‌కి తూర్పున, లోపలికి, శాన్ హసింటో లోయలో ఉన్న చిన్న ఊరు. లండన్‌లో ఎవరికీ అక్కడ చెల్లెళ్ళు ఉండరు. పేరు వింటే నిజమనిపిస్తుంది, ఎందుకంటే అబద్ధం ఆడేవాడు మామూలుగా అంత అనామకమైన ఊరు ఎంచుకోడు. దానికి తోడు స్కేట్‌బోర్డు, ఒళ్ళు విరగ్గొట్టుకునే అల్లరి, వేదిక మీద కోతిచేష్టలు. ఆ కాలంలో ఎంటీవీలో వస్తున్న జాకాస్ షో చూసినవాళ్ళకి కాలిఫోర్నియా కుర్రాడు ఇలాగే ఉంటాడని నమ్మకం. వీళ్ళు ఆ నమ్మకానికి సరిపడా వేషం వేశారు. నిజం కాలిఫోర్నియా వాడు వచ్చి నిలబడితే ఇంత కాలిఫోర్నియాగా ఉండేవాడు కాదేమో.

కాలం కూడా కలిసొచ్చింది. 2002 చివర్లో తెల్లజాతి అమెరికన్ రాపర్ ఎమినెమ్ నటించిన 8 మైల్ సినిమా వచ్చింది. తెల్లజాతి రాపర్ దొరికితే బాగుండునని ప్రతి కంపెనీ చూస్తున్న రోజులు. యూట్యూబ్ 2005లో గానీ రాలేదు. ఫేస్‌బుక్ అప్పటికి అమెరికన్ కాలేజీల బొమ్మ. పాత స్నేహితుడెవరో "వీడు మా బిల్లీ గాడు కదా" అని కామెంట్ పెట్టే చోటే లేదు.

అలా మేనేజర్ దొరికాడు, 2004 ప్రాంతంలో సోనీ యూకే సంతకం చేసింది. ఎంటీవీలో కనిపించారు. ఎమినెమ్ బృందమైన డీ12తో ఒకే వేదిక ఎక్కారు. డెట్రాయిట్ నుంచి వచ్చిన అసలు సిసలు అమెరికన్లు పక్కన ఉన్నా ముసుగు జారలేదు. ఇది నాకు ఆశ్చర్యం కలిగించదు. శ్రీకాకుళం మనిషి చిత్తూరు యాసని ఎంత గుర్తుపడతాడు? తెలియని యాస వినిపిస్తే 'ఇదేదో వేరే జిల్లా' అనుకుంటాడు తప్ప 'ఇది నకిలీ' అనుకోడు.

ముగింపు లేని షిఫ్ట్

ఇద్దరూ ఒక నియమం పెట్టుకున్నారు. ఇంట్లో ఉన్నా, మత్తులో ఉన్నా, ఇద్దరే ఉన్నా యాస దించకూడదు. టెక్నిక్ పరంగా అది సరైన నిర్ణయమే. మార్చి మార్చి మాట్లాడేవాడే తడబడతాడు. ఎప్పుడూ ఒకే యాసలో ఉంటే నాలుకకి దారి అలవాటవుతుంది. నేను కూడా మొదట్లో బ్యాచ్‌కి ఇదే చెప్పేవాణ్ణి: క్యాంటీన్‌లో కూడా అమెరికన్‌లోనే సమోసా అడగండి.

ఆ సలహా మానేయడానికి కారణం ఒక కుర్రాడు. చాలా తెలివైనవాడు, ఆరు వారాల ట్రైనింగ్ మూడింట్లో పూర్తి చేశాడు. నైట్ షిఫ్ట్ మొదలైన మూడు నెలలకి ఒక తెల్లవారుజామున క్యాబ్‌లో నా పక్క సీట్లో కూర్చున్నాడు. వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "చెప్పమ్మా, ఇంటికే వస్తున్నా" అన్నాడు. తెలుగు మాటలే, కానీ ఆర్‌లన్నీ నోటి వెనక్కి చుట్టుకుపోయాయి. 'వస్తున్నా'లో ఊనిక కూడా ఎక్కడో పడింది. అవతలి నుంచి ఆమె గొంతు నాకూ వినిపించింది: "గొంతు బాలేదా నాన్నా? జలుబు చేసిందా?" వాడు రెండు క్షణాలు ఏమీ అనలేదు. "ఆఁ, కొంచెం" అని పెట్టేశాడు. మెహదీపట్నం దాకా మాట్లాడలేదు.

అప్పటి నుంచి నా బ్యాచ్‌లకి ఒక పద్ధతి పెట్టాను. షిఫ్ట్ అయ్యాక క్యాబ్ ఎక్కిన మొదటి పది నిమిషాలు ఎవరి యాసలో వాళ్ళు ఏదో ఒకటి వాగాలి. నిన్న ఇంట్లో వండిన కూర గురించైనా సరే. మేనేజర్లు దీన్ని టైమ్ వేస్ట్ అన్నారు. క్యాబ్‌లో టైమ్ వాళ్ళది కాదు కాబట్టి నేను వినలేదు.

సిలిబిల్ ఎన్ బ్రెయిన్స్‌కి ఆ క్యాబ్ లేదు. బీటిల్స్‌కి పాట అయ్యాక దిగిపోయే యాస వీళ్ళకి దిగలేదు. పైగా వీళ్ళ పరిస్థితిలో ఒక ముడి ఉంది. పాట హిట్టయితే స్కాట్లాండ్‌లో అందరూ టీవీలో చూస్తారు, గుట్టు బయటపడుతుంది. హిట్టవకపోతే ఇంత కష్టం దండగ. బాగా పేరొచ్చాక తామే నిజం బయటపెట్టి ఇండస్ట్రీ ముఖం మీద కొట్టాలన్నది మొదట్లో వేసుకున్న ప్లాను. అయితే 'బాగా పేరు రావడం' అంటే ఎంత? ఆ గీత ఎవరూ గీసుకోలేదు. సంతకం పెట్టాక భయం వేరే రూపం ఎత్తింది: నిజం చెప్తే కంపెనీ కేసు వేస్తుందేమో, డబ్బు వెనక్కి అడుగుతుందేమో. టెన్షన్ తాగుడులోకి దిగింది.

2004 ఆగస్టులో సోనీ మ్యూజిక్, బీఎంజీ అనే ఇంకో రికార్డు కంపెనీ కలిసి ఒకే కంపెనీ అయ్యాయి. విలీనాలు చూసినవాళ్ళకి తెలుసు, అలాంటప్పుడు ఎవరి ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఎవరికీ తెలియదు. కొత్తవాళ్ళ రికార్డులే ముందు అటకెక్కుతాయి. వీళ్ళ ఆల్బమ్ రానే లేదు. నెలల తరబడి ఎదురుచూపు, చేతిలో పాట లేదు, నోట్లో మాత్రం కాలిఫోర్నియా.

ఇద్దరి మధ్యా చీలిక వచ్చింది ఇక్కడే. బాయ్డ్‌కి స్కాట్లాండ్‌లో భార్య, కుటుంబం ఉన్నాయి. అతను లేచి వెళ్ళిపోయాడు, తర్వాత చమురు రిగ్గుల మీద పనికి కుదిరాడు. బెయిన్ లండన్‌లోనే ఉండిపోయాడు. ఒక్కడే ఆ యాసని మోశాడు. డిప్రెషన్‌లోకి జారాడు, చాలా కిందికి వెళ్ళాడు. 2010లో పుస్తకం రాసి మొత్తం బయటపెట్టాడు. 2013లో జీనీ ఫిన్లే అనే దర్శకురాలు వాళ్ళ మీద డాక్యుమెంటరీ తీసింది. అందులో ఇద్దరూ మాట్లాడతారు, కానీ వేరువేరుగా. ఒకే కథ రెండు కుర్చీల నుంచి వస్తుంది, కొన్నిచోట్ల పొంతన కుదరదు.

ఒకే ట్రైనింగ్, ఒకే నియమం, ఒకే యాస. మరి ఒకడు బయటపడి, ఇంకొకడు మునగడానికి తేడా ఎక్కడుంది? బాయ్డ్ ధైర్యవంతుడని, బెయిన్ బలహీనుడని నేననుకోను. బాయ్డ్‌కి ఫోన్ చేస్తే 'జలుబు చేసిందా' అని అడిగే ఇల్లు ఉంది. బెయిన్ ఇదివరకే ఒక దేశం, ఒక యాస వదిలేసి వచ్చినవాడు. వెనక్కి వెళ్ళమంటే ఏ యాసలోకి వెళ్ళాలి? ఇది నా ఊహే, ఋజువు చేయలేను. కానీ చాలా ఊళ్ళు తిరిగిన పిల్లలకి యాస తొందరగా వస్తుందని పైన రాశాను కదా, వాళ్ళ మీదే ఒక కన్నేసి ఉంచడం ఈ కేసు తర్వాత నాకు అలవాటైంది.

కంపెనీ వైపు నుంచి

కంపెనీని జాలిపడాల్సిన బాధితుడిగా చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. క్వాలిటీ చెక్ చేసేవాడిగా చూస్తే వాళ్ళు కొలిచినదే తప్పు. ఆ కుర్రాళ్ళే, ఆ నైపుణ్యమే. ఒకసారి నవ్వి పంపించారు, ఇంకోసారి సంతకం పెట్టారు. రెంటి మధ్యా మారింది అచ్చులు, హల్లులు. అంటే మొదటిసారి వాళ్ళు రాప్ వినలేదు. పాస్‌పోర్టు విన్నారు.

అదే లండన్‌లో, అవే ఏళ్ళలో ఇంకో దారి తెరుచుకుంటోంది. 2002లో ది స్ట్రీట్స్ పేరుతో మైక్ స్కిన్నర్ పక్కా ఇంగ్లీషు కుర్రాడి గొంతుతో ఆల్బమ్ తెచ్చాడు. 2003లో తూర్పు లండన్ పిల్లాడు డిజీ రాస్కల్ తన వీధి మాటతోనే మెర్క్యురీ ప్రైజ్ (ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే పెద్ద బహుమతి) కొట్టాడు. అయితే అవన్నీ ఇంగ్లండ్ యాసలు. 2004లో వేల్స్ నుంచి గోల్డీ లుకిన్ చెయిన్ వస్తే అది కామెడీ కిందే అమ్ముడుపోయింది. స్కాట్లాండ్ వంతు రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఎడిన్‌బరో నుంచి వచ్చిన యంగ్ ఫాదర్స్‌కి ఆ ఏడాది మెర్క్యురీ దక్కింది. డండీ కుర్రాళ్ళు పదేళ్ళు ఆగి ఉంటేనో అని బ్యాచ్‌లో ఎవరో ఒకరు అంటారు. ఇరవై ఏళ్ళ వయసులో పదేళ్ళు ఎవరాగుతారు.

మూడు పొరల నోరు

ఈ కేసు ఫైలు మూసేశాననుకున్నాక మళ్ళీ తెరవాల్సి వచ్చింది. జేమ్స్ మెకవాయ్, గ్లాస్గో నటుడు, దర్శకుడిగా తన మొదటి సినిమాని వీళ్ళ కథ మీదే తీశాడు. 2025 సెప్టెంబరులో టొరంటో చిత్రోత్సవంలో మొదటిసారి చూపించారు. బెయిన్‌గా వేసిన షేమస్ మెక్‌లీన్ రాస్ స్కాట్లాండ్ కుర్రాడే. బాయ్డ్‌గా వేసిన శామ్యూల్ బాటమ్లీ ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ వాడు.

మా పనివాళ్ళకి ఇది దసరా పండగ. బ్రాడ్‌ఫర్డ్ నోటికి ముందు స్కాట్లాండ్ తొడగాలి. దాని మీద కాలిఫోర్నియా తొడగాలి. అదీ అమెరికన్ నటుడు పలికినంత శుభ్రంగా ఉండకూడదు. స్కాట్లాండ్ వాడు అరువు తెచ్చుకున్నట్టు ఉండాలి. లోపలి పొర అక్కడక్కడా లీక్ అవ్వాలి, అడుగున ఉన్న బ్రాడ్‌ఫర్డ్ మాత్రం చుక్క కూడా బయటికి రాకూడదు.

మొన్నటి బ్యాచ్‌కి ఇదే ఎక్సర్‌సైజ్‌గా ఇచ్చాను: మీరే ఆ నటుడి ట్రైనర్ అయితే లీక్ ఎక్కడ పెడతారు? అందరూ నేను చెప్పినవే తిరిగి చెప్పారు. 'వరల్డ్' దగ్గర, 'గర్ల్' దగ్గర, 'గుడ్' 'ఫుడ్' దగ్గర. వెనక బెంచీలో నల్గొండ అమ్మాయి ఒకతి చేయి ఎత్తింది. "మాటల దగ్గర కాదు సార్. మంచం కోడు కాలికి కొట్టుకుంటే నేను ఇప్పటికీ 'ఓయమ్మో' అనే అంటా. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నరు కదా, దెబ్బ తగిలినప్పుడు వాళ్ళు ఏమన్నరు?"

పుస్తకంలో చదివినట్టు గుర్తులేదు, డాక్యుమెంటరీలో విన్నట్టూ గుర్తులేదు. ఆ రోజు మిగతా గంటన్నర ఎవరెవరు ఏ భాషలో లెక్కపెట్టుకుంటారు, ఏ భాషలో తిట్టుకుంటారు, నిద్రలో ఏమని కలవరిస్తారు అనే లిస్టు బోర్డు మీద రాస్తూనే సరిపోయింది. మాక్ కాల్స్ మర్నాటికి వాయిదా వేశాను.